గుడ్డలోని ఖాళీ

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో తెల్లవారుజామున అయిదున్నరకల్లా బకెట్ల చప్పుడు మొదలవుతుంది. వాచ్‌మన్ ఒక బకెట్టు నీళ్లతో, ఒక పసుపు గుడ్డతో పన్నెండు కార్లు తుడుస్తాడు. ఆ వరసలో నాది తొమ్మిదోది. నల్ల కారు. కొన్న ఏడాదికి ఓ రాత్రి తాళాలు చేజారి పడితే ఫోన్ టార్చి వేసి వెతుకుతున్నాను. వెలుతురు బానెట్ మీద పడింది. సాలెగూడు పెట్టినట్టు, టార్చి వెలుగు చుట్టూ వలయాలు వలయాలుగా సన్నగీతలు. వందల్లో ఉన్నాయి.

పొద్దున్నే పిలిచి చూపించాను. "గీతలెట్ల పడ్తయ్ సార్, మెత్త గుడ్డతోనే తుడుస్తున్న గదా! పట్టుకోని చూడుండ్రి" అని గుడ్డ నా చేతిలో పెట్టాడు. మెత్తగానే ఉంది. నాకంటే ముందు తుడిచిన ఎనిమిది కార్ల దుమ్మూ అందులోనే ఉంది.

ఆయన మాటను తప్పుపట్టలేం. బట్టల కొట్లో తువ్వాలు కొనేటప్పుడు మనం చేసే పరీక్ష కూడా అదే. వేళ్లతో నలిపి, బుగ్గకు ఆనించి చూస్తాం. కడిగిన కారును ఆరబెట్టే తువ్వాలు దగ్గరకొచ్చేసరికి ఆ పరీక్ష సగమే పనికొస్తుంది. గుడ్డ నొక్కగానే నీళ్లు ఎక్కడికి పోతాయి, కడగడంలో పోకుండా మిగిలిన ఇసుక రేణువు ఎక్కడికి పోతుంది అన్నవి అసలు ప్రశ్నలు. రెంటికీ జవాబు గుడ్డలోని నూలులో దొరకదు. నూలుకూ నూలుకూ మధ్యనున్న ఖాళీలో దొరుకుతుంది.

ముందు ఆ వలయాల సంగతి. గుడ్డను గుండ్రంగా తిప్పి తుడవడం వల్ల గుండ్రటి గీతలు పడతాయని చాలామంది నమ్మకం. టార్చిని ఒక అడుగు పక్కకు జరిపి చూడండి. వలయాలు కూడా దాంతోపాటే జరుగుతాయి. గీతలకు కాళ్లు లేవు కదా! నిజానికి బానెట్ మీద గీతలు అన్ని దిక్కుల్లోనూ ఉంటాయి. ఒక్కో గీత ఒక సన్నటి కాలువలాంటిది, దాని గోడలు వెలుతురును అడ్డంగా చిమ్ముతాయి. టార్చి ప్రతిబింబానికి అడ్డంగా పడుకున్న గీతలు మాత్రమే ఆ వెలుతురును మన కంటివైపు పంపుతాయి, మిగతావి చీకట్లో దాక్కుంటాయి. అలా కనబడే చిన్న చిన్న ముక్కలన్నీ కలిసి కంటికి వలయాలుగా తోస్తాయి. పీచుతో తోమిన స్టీలు కంచం అడుగున బల్బు కింద కనిపించేదీ ఇదే. తెల్ల కారుకు కూడా ఇన్ని గీతలూ ఉంటాయి. తెలుపులో తెలుపు కలిసిపోతుంది కాబట్టి యజమాని హాయిగా నిద్రపోతాడు.

ఈ గీతలు పడేది రంగు మీద కాదు. ఇప్పటి కార్లలో రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. మెరుపంతా ఈ చివరి పొరదే. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, లక్షలు పోసి కొన్న కారు నిగనిగ అంతా వెంట్రుక మందం కూడా లేని ప్లాస్టిక్ పొర మీద నిలబడి ఉందన్నమాట. పాలిష్ చేయిస్తే గీతలు పోతాయి, నిజమే. పాలిష్ గీతను పూడ్చదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరనే అరగదీస్తుంది. పొర ఒక్కటే కాబట్టి ఆ పని ఎన్నిసార్లని చేయించగలం?

మరి గీసిందెవరు? పత్తి పోగు కాదు, దానికి అంత సత్తా లేదు. మా హైదరాబాదు నిలబడింది గ్రానైటు రాళ్ల మీద. ఆ రాయి అరిగి, చితికి మన్నయినప్పుడు మిగిలే గట్టి రేణువుల్లో ముఖ్యమైనవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10 అయితే క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6. మామూలు గాజు ఐదున్నర దగ్గర ఉంటుంది. అంటే మన రోడ్డు దుమ్ములోని రేణువు గాజునే గీయగలదు. ప్లాస్టిక్ పొర దానికో లెక్కా? గుడ్డ చేసే పాపమల్లా ఆ రేణువును పట్టుకుని కారు పొడవునా ఊరేగించడమే.

అలాంటప్పుడు అసలు తుడవడమెందుకు, కడిగి ఎండలో వదిలేస్తే అదే ఆరుతుంది కదా అని మా బావమరిది వాదన. అతని కారు బానెట్ నిండా తెల్లటి చుక్కలు. ఎండ నీటిని మాత్రమే తీసుకుపోతుంది, నీటిలో కరిగినవాటిని అక్కడే వదిలేస్తుంది. బోరు నీళ్లు గ్రానైటు పగుళ్లలో నానివచ్చిన నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. లెక్క కోసం 500 అనుకుందాం. కడిగాక కారు మీద ఒక లీటరు నీళ్లు నిలిచాయంటే, ఎండకు ఆరిన తర్వాత అర గ్రాము ఉప్పులు మిగులుతాయి. ఇంచుమించు చిటికెడు. కూరలో చిటికెడు తక్కువే. నల్ల కారు మీద మాత్రం ప్రతి చుక్కా లెక్కకొస్తుంది.

ఆ చుక్క ఆరే తీరును ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. నీటిబొట్టు అంచులు ముందుగా బానెట్‌కు అతుక్కుంటాయి. అంచు దగ్గర నీరు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి బొట్టు మధ్యనుంచి నీరు అంచుకు పారుతుంది, పారుతూ తనలో ఉన్న సరుకును కూడా మోసుకుపోతుంది. చివరికి మధ్యలో కొంచెం, అంచున చిక్కగా మిగిలి తెల్లటి ఉంగరం తేలుతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరితే అంచు నల్లబడేది కూడా ఇందుకే. రోజూ చూసేదే అయినా, అంచువైపు సాగే ఈ ప్రవాహాన్ని లెక్కగట్టి వివరించింది 1997లో, షికాగో విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్రవేత్తలు. 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ పరిశోధన తర్వాత 'కాఫీ రింగ్ ప్రభావం' అన్న పేరు స్థిరపడింది. తువ్వాలు చేసే మేలు ఇక్కడుంది. అది బొట్టును ఆవిరి కానివ్వకుండా, కరిగిన ఉప్పులతో సహా ఎత్తుకుపోతుంది.

ఎలా ఎత్తుకుపోతుంది? ఇక్కడొక చిక్కుప్రశ్న. నూలు గుడ్డ నీళ్లు పీల్చడం మనకు వింత కాదు. పత్తి అంటే సెల్యులోజు, దానికి నీరంటే ఇష్టం. మామూలు గాలిలో ఉన్నప్పుడే పత్తి తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమను పోగుల్లో దాచుకుంటుంది. పాలిస్టర్ దాచుకునేది 0.4 శాతమే. అందుకే మే నెలలో పాలిస్టర్ చొక్కా వేసుకుంటే చెమట ఎటూ పోక ఒంటికి అంటుకుంటుంది. మరి ఇప్పుడు కార్ల కోసం అమ్ముతున్న మైక్రోఫైబర్ తువ్వాలులో చాలా భాగం పాలిస్టరే. చెమట పీల్చని సరుకు కారు మీద నీళ్లెలా పీలుస్తుంది?

పోగు పీల్చదు, పోగుల మధ్య సందు పీలుస్తుంది. నీటిలో ముంచిన సన్నటి గాజు గొట్టంలో నీరు దానంతటదే పైకెక్కుతుంది. గొట్టం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకెళ్తుందని 1718లో జేమ్స్ జూరిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు చూపించాడు. గొట్టం వ్యాసార్ధం ఒక మిల్లీమీటరైతే నీరు ఎక్కేది ఒకటిన్నర సెంటీమీటర్లు. అందులో పదో వంతు సన్నగా ఉంటే 15 సెంటీమీటర్లు. వందో వంతైతే ఒకటిన్నర మీటర్లు! గుడ్డలోని సందులన్నీ ఇలాంటి గొట్టాలే. పోగులు ఎంత సన్నబడితే వాటి మధ్య సందులు అంత సన్నబడతాయి, లాగే బలం అంత పెరుగుతుంది.

పోగుల సన్నదనాన్ని డెనియర్‌లో కొలుస్తారు. 9000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే అది ఒక డెనియర్. పాలిస్టర్‌కైతే ఆ పోగు అడ్డుకొలత 10 మైక్రాన్లు. దానికంటే సన్ననివాటినే మైక్రోఫైబర్ అంటారు. అంత సన్నని పోగును నేరుగా తీయబోతే తెగిపోతుంది. జపాన్‌లో టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోటో 1970లో దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఒక ప్లాస్టిక్ దారం లోపల మరో ప్లాస్టిక్ పోగులను సముద్రంలో దీవుల్లా పొదిగి, గుడ్డగా చేశాక ఆ సముద్రాన్ని కరిగించేశాడు. దీవులు మిగిలాయి. ఆయన లక్ష్యం తుడుపుగుడ్డ కాదు, స్వేడ్ తోలును పోలిన వస్త్రం. తుడుపుగుడ్డలకు వాడే పద్ధతి దానికి బంధువు. బత్తాయిని అడ్డంగా కోస్తే కనిపించే తొనల్లా పాలిస్టర్, ఆ తొనల మధ్య పొరల్లా నైలాన్ ఉండేటట్టు ఒకే దారం తీస్తారు. నేసిన తర్వాత వేడి నీటితో, రసాయనాలతో ఆ బత్తాయిని విప్పుతారు. గుండ్రటి దారం ఒక్కటి పది పదహారు కోణాల ముక్కలవుతుంది. ప్యాకెట్టు మీద 80/20 అనో 70/30 అనో రాసేది ఈ పాలిస్టర్, నైలాన్ల పాలు.

చవక రకాల్లో కొన్నిటికి ఈ విప్పే పని జరగదు. పేరు మైక్రోఫైబరే, పోగు మాత్రం గుండ్రం. కొనేముందు పొడి గుడ్డను అరచేతి మీద మెల్లగా లాగి చూడండి. విప్పిన పోగైతే చర్మం గరుకుకు కొంచెం పట్టుకుంటుంది, వంటపని చేసే చేతులకైతే మరీను. చాలామందికి ఆ స్పర్శ చిరాకు పుట్టిస్తుంది. జారిపోయేంత నున్నగా ఉంటే నేను అనుమానిస్తాను. ఇంటికొచ్చాక బల్ల మీద నాలుగు చెంచాల నీళ్లు పోసి తోస్తే రహస్యం మొత్తం బయటపడుతుంది: గుండ్రటి పోగు గుడ్డ నీటిని ముందుకు నెట్టుకుపోతుంది, విప్పిన పోగుది దారి పొడవునా పొడి గీత గీస్తూ పోతుంది.

అలాగని సందులన్నీ సన్నగా ఉంటే చాలదు. 1921లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాష్‌బర్న్ నీరు గొట్టంలోకి ఎంత వేగంగా ఎక్కుతుందో లెక్కగట్టాడు. దూరం రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు పడుతుంది, గొట్టం సన్నబడేకొద్దీ నడక నెమ్మదిస్తుంది. సన్న సందు గట్టిగా లాగుతుంది కానీ నిదానంగా లాగుతుంది. అందుకే మంచి తువ్వాలులో రెండు రకాల ఖాళీలు కావాలి. నీటిని లాగే సన్న సందులు పోగుల మధ్య, లాగిన నీటిని చప్పున నిలవచేసే పెద్ద గదులు గుడ్డ మీద లేచిన ఉంగరాల మధ్య.

ఈ పెద్ద గదుల విద్య మైక్రోఫైబర్‌తో పుట్టలేదు. మన ఇళ్లలో టర్కీ టవల్ అంటామే, ఆ పేరే దాని చిరునామా. గుడ్డకు రెండువైపులా నూలు ఉంగరాలు లేచి ఉండే ఈ నేతను ఇంగ్లండుకు చెందిన హెన్రీ క్రిస్టీ టర్కీలో చూసి, తమ మిల్లులో మరమగ్గం మీద నేయించి 1851 లండన్ మహా ప్రదర్శనలో పెట్టాడు. ఇక్కడ మనకు దగ్గరి ఊరు షోలాపూర్. ఆ ఊరి టెర్రీ టవలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. తెలంగాణ నుంచి తరాల కిందట వలసపోయిన పద్మశాలీలు అక్కడి మగ్గాల మీద ఉన్నారు, ఇప్పటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుతున్నారు. వాళ్లు నేసిన తువ్వాలు ఒంటికి ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు. కారుకు మాత్రం దానితో రెండు ఇబ్బందులు. పత్తి పోగులు ఊడి నల్లరంగు మీద నూగుగా అంటుకుంటాయి. అంచున కుట్టిన గట్టి దారం రంగుకు రాసుకుంటుంది. అంచు కుట్టు సమస్య మైక్రోఫైబర్‌కూ ఉంది. కంపెనీ పేరున్న చిన్న చీటీని అంచుకు కుట్టి ఉంటే కత్తిరించాకే గుడ్డను కారు మీదికి తేవాలి.

ఇప్పుడు ఇసుక రేణువు. ఉంగరాలు, పొడవాటి పోగులు ఉన్న గుడ్డలో రేణువు లోపలికి జారి, పోగుల వేళ్ల దగ్గర కూర్చుంటుంది. కారుకు తగిలేది పోగుల కొసలే. చదునైన గుడ్డలో దానికి దాక్కునే చోటు లేదు. గుడ్డకూ రంగుకూ మధ్య ఇరుక్కుని దొర్లుతుంది. నా దృష్టిలో షామీ తోలు మీద పెద్ద ఫిర్యాదు ఇదే. షామీ అనేది యూరప్ కొండల్లో తిరిగే మేక జాతి జంతువు. ఒకప్పుడు దాని తోలు, తర్వాత గొర్రె తోలు చేపనూనెతో పదును చేసి కార్ల వాళ్లు వాడేవారు. మన దగ్గర పొడవాటి ప్లాస్టిక్ డబ్బాలో చుట్టి అమ్మే జిగట స్పాంజిలాంటి గుడ్డ దాని నకలు, పాలీవినైల్ ఆల్కహాల్‌తో చేసింది. ఎండితే అప్పడంలా బిర్రబిగుస్తుంది, తడిస్తే మెత్తబడుతుంది. నీళ్లు లాగడంలో దానికి సాటి తక్కువ. అద్దాలకు భేషుగ్గా పనిచేస్తుంది, ప్లాస్టిక్ పొర కంటే గాజు గట్టిది కాబట్టి. బానెట్ మీదికి మాత్రం నేను రానివ్వను. పాత బనియన్ గుడ్డ కథా ఇంతే. ఉతికి ఉతికి నీళ్లు బాగా పీలుస్తుంది, రేణువును దాచలేదు.

పాతది పీల్చినట్టు కొత్తది పీల్చకపోవడం ఏ ఇంట్లోనైనా చూసే ఉంటారు. ఇదీ ఖాళీల గొడవే. కొత్త తువ్వాలు పోగుల మీద గంజి, మెరుపు కోసం పూసిన సిలికాన్ లాంటి పూతలు ఉంటాయి. గొట్టంలో నీరు ఎక్కాలంటే గోడ నీటికి అంటాలి. గోడ మీద నూనెలాంటి పూత ఉంటే బలం దిశ తిరగబడుతుంది, అదే సందు నీటిని లోపలికి లాగకుండా బయటికి తోస్తుంది. బట్టలు సువాసన రావడానికి చివర్లో పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ చేసేదీ ఈ పనే, ప్రతి పోగుకూ కొవ్వు పూత. చీరలకు బాగుంటుంది. వెయ్యి రూపాయల తువ్వాలుకు ఒక్క మూత కండిషనర్ చాలు, పీల్చడం మరిచిపోయి కారు మీద జిడ్డు చారలు దిద్దుతుంది. మూడు నాలుగు సార్లు ఉత్త సబ్బునీళ్లతో ఉతికితే మళ్లీ దారికొస్తుంది. నూలు బట్టలతో కలిపి ఉతకకూడదు, విప్పిన పోగులు నూగునంతా పట్టేస్తాయి. బ్లీచింగ్, ఇస్త్రీ దగ్గరికి రానివ్వద్దు. ఎంతైనా ప్లాస్టిక్.

ప్లాస్టిక్ అన్నాక ఇంకో మాట. ఉతికిన ప్రతిసారీ అందులోంచి కంటికి కనిపించని పోగులు మురుగులోకి పోతాయి. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో లెక్కిస్తే, ఆరు కిలోల పాలిస్టర్ బట్టలు ఒక వాయి ఉతికితే దాదాపు ఐదు లక్షల పోగులు ఊడవచ్చని తేలింది. కారు మెరుపుకు ఇదొక ధర. దాన్ని తగ్గించే మార్గం నాకు తెలిసింది ఒకటే, తువ్వాళ్లు తక్కువ కొని ఎక్కువకాలం వాడడం.

కొట్లో అమ్మేవాడు మొదట చెప్పే అంకె జీఎస్ఎం. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుంటుందో అది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు ఉన్న తువ్వాలు 300 జీఎస్ఎం అయితే 160 గ్రాములు తూగుతుంది. 1200 అయితే 650 గ్రాములు. పెద్ద అంకెను పెద్ద గుణంగా అమ్ముతారు. ఖాళీ ఎక్కువైన మాట నిజమే, కానీ తడిశాక అది రెండు కిలోలు దాటుతుంది, ఆ బరువుతోనే కారు మీద ఈడ్చాలి. పిండబోతే మణికట్టు నొప్పెడుతుంది. శ్రావణంలో ముసురు పడితే రెండు రోజులైనా ఆరక ముక్కవాసన వేస్తుంది. అందుకే నేను 500 జీఎస్ఎంవి రెండు కొన్నాను, ఉంగరాలు మెలితిప్పి నేసిన రకం. ప్యాకెట్టు మీద ఎన్నింతల నీళ్లు పీలుస్తుందని రాసినా నమ్మక్కర్లేదు. వంటింటి కాటా ఉందిగా. పొడిగా ఒకసారి, ముంచి చుక్కలు ఆగేదాకా పట్టుకున్నాక ఒకసారి తూచండి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. కాటాను కడిగి యథాస్థానంలో పెట్టడం మరవొద్దు, అనుభవంతో చెబుతున్నాను.

తువ్వాలు పని తగ్గించే చిట్కా ఒకటి నీళ్లలోనే ఉంది. చివరిసారి కడిగేటప్పుడు పైపు మూతిని తీసేసి, నీటిని చిమ్మకుండా కారు టాప్ మీంచి దుప్పటి పరిచినట్టు నిదానంగా పారించాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి, జారే నీటిపొర దారిలోని బొట్లను కూడా కలుపుకుని పోతుంది. బానెట్ సగం పొడిగా తేలుతుంది. ఆ తర్వాత తువ్వాలును పరిచి, చేత్తో నొక్కకుండా రెండు మూలలు పట్టుకుని తనవైపు లాగితే చాలు. నొక్కితే రేణువుకు బలమిచ్చినట్టు. తువ్వాలును ముందే కాస్త తడిపి గట్టిగా పిండి ఉంచుకుంటే ఇంకా మేలు, గోడలు తడిసే ఉంటాయి కాబట్టి నీరు వెంటనే ఎక్కుతుంది. చక్రాలకు మాత్రం వేరే గుడ్డ. బ్రేకులు అరిగి రాలిన ఇనుప పొడి ఒకసారి పోగుల్లో చేరితే ఎంత ఉతికినా పూర్తిగా పోదు. మా ఇంట్లో ఏ గుడ్డకైనా చివరి మజిలీ మసిగుడ్డే. కారు తువ్వాలూ అంతే: మొదట బానెట్, పాతబడ్డాక తలుపుల లోపలి అంచులు, ఆ తర్వాత చక్రాలు. కిందికి దిగడమే గానీ మళ్లీ పైకి రావడం లేదు.

వాచ్‌మన్‌కి రెండు తువ్వాళ్లూ ఇచ్చి, పోగులు చూపించి, ఇదంతా నాకొచ్చినట్టు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. వాటిని నా కారుకే వాడి, సెల్లారు తీగ మీద విడిగా ఆరేస్తున్నాడు. మిగతా పదకొండింటికీ పసుపు గుడ్డే. పోయిన వారం, దుమ్ము అడుక్కి దిగిపోయేట్టు గుడ్డ జాడించుకోవడానికి రెండో బకెట్టు నీళ్లు కూడా పెట్టుకోమన్నాను. గుడ్డ పిండుతూనే తలెత్తి చూశాడు.

"పెడ్త సార్. ఎండాకాలం ట్యాంకర్ పైసలు మీరిస్తరా?"